వెల్లుల్లి ఆవకాయతో మొదలుపెట్టాల్సింది: ఒక పచ్చడి లేబుల్ డైరీ

పచ్చళ్లు పెట్టేది పెద్దమ్మ, లేబుల్ పని నాది. ఐదు రకాలు: ఆవకాయ, వెల్లుల్లి ఆవకాయ, బెల్లం ఆవకాయ, మాగాయ, గోంగూర. రకానికి 60 చొప్పున 300 గాజు సీసాలు, సీసాకు 250 గ్రాములు. వారంలో అయిపోతుందనుకున్న పని మూడు నెలలు పట్టింది. నాలుగు లేబుళ్లు తయారుచేశాను, మూడు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఇంట్లో పచ్చడో, పొడో, స్వీటో చేసి తెలుగు పేరుతో కొట్టులో పెట్టాలనుకునేవాళ్లు ఆ మూడు తప్పులూ మళ్లీ చేయనక్కర లేకుండా లెక్కలతో సహా రాస్తున్నాను.

చేతిలో ఉన్నవి: దర్జీ టేపు, ఉక్కు స్కేలు, వెర్నియర్ కాలిపర్, బొమ్మలూ లేబుళ్లూ గీసుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్, ఇంట్లో నలుపు తెలుపు లేజర్ ప్రింటరు. ఇల్లు తెనాలి, ప్రెస్సు విజయవాడ.

దశ 1: కొలతలు, మొదటి లేబుల్

అమ్మినవాళ్లు సీసా వ్యాసం 70 మి.మీ. అని చెప్పారు. పది సీసాలు కొలిస్తే 69.4 నుంచి 70.8 వరకు వచ్చింది. అంటే చుట్టుకొలత 218 నుంచి 222.5 వరకు మారుతోంది. ఒకే అట్టపెట్టెలో వచ్చిన సీసాలే ఇవి. భుజానికీ అడుగుకూ మధ్య నిటారుగా ఉండే భాగం 66 మి.మీ. అందుకని లేబుల్ 210 × 62 అనుకున్నాను.

ఇంకొక కొలత అప్పుడే తీసుకుని ఉంటే నెల రోజులు మిగిలేవి. గుండ్రని సీసాను ఎదురుగా నిలబడి చూస్తే హాయిగా చదవగలిగేది చుట్టుకొలతలో మూడోవంతే. మా సీసాకు అది 73 మి.మీ. మిగిలినదంతా పక్కకు వంగిపోతుంది. కంప్యూటర్ తెర మీద లేబుల్ బల్లపరుపుగా, 210 మి.మీ. పొడవునా ఒకేసారి కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి తట్టలేదు.

మొదటి లేబుల్ తెల్లగా చేశాను. మధ్యలో చిన్న పేరు, చుట్టూ బోలెడు ఖాళీ, కింద సన్నని గీత. ఈ మధ్య ఖరీదైన సబ్బులూ తేనె సీసాలూ అన్నీ అలాగే ఉంటున్నాయి కదా! పెద్దమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి, "పూటకు రెండు చెంచాలా నాయనా?" అంది. తర్వాత ఎంత చూసినా నాకూ అది టానిక్ సీసాలాగానే కనిపించింది.

రెండో దెబ్బ కాగితం కొట్టింది. మామూలు ఆర్టు పేపరు స్టికరు అది. అంచున పప్పునూనె అయిదు చుక్కలు వేసి చూశాను. నాలుగు గంటల్లో 6 మి.మీ. లోపలికి పాకింది. మర్నాటికి ఆ మేరకు కాగితం పారదర్శకమై, వెనుక జిగురు పసుపు రంగులో కనిపించింది. పచ్చడి సీసాకు నూనె అంటకుండా ఏ ఇంట్లోనూ ఉండదు. ప్రెస్సువాళ్లు పీపీ అనే ప్లాస్టిక్ పొర స్టికరుకు మారాను. అదే పరీక్షలో నూనె పైనే నిలిచింది, గుడ్డతో తుడిస్తే పోయింది.

ఖర్చు: ప్రయోగానికి 24 సీసాలు, ఒక్కొక్కటి రూ. 16 చొప్పున 384. కాగితం స్టికర్లు 4 షీట్లు, షీటు రూ. 40 చొప్పున 160.
ఇప్పటివరకు: రూ. 544.

దశ 2: వత్తులు విరిగిన చోటు

ఈ డైరీలో అసలు విషయం ఇది. మిగతావి చదవకపోయినా ఫరవాలేదు.

నమూనా లేబుల్ "ఆవకాయ" పేరుతో చేశాను. ఎవరైనా అలాగే చేస్తారు, అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది అదే. పేరు పట్టీ ఎత్తు 14 మి.మీ. పెట్టాను. అందులో "ఆవకాయ" 11 మి.మీ. ఎత్తున, పైనా కిందా కాస్త చోటు వదిలి చక్కగా కూర్చుంది. మాగాయ, గోంగూర కూడా కూర్చున్నాయి. ఆ మూడు మాటల్లో ఒక్క వత్తు లేదన్న సంగతి అప్పుడు నా కళ్లకు ఆనలేదు.

నాలుగోదిగా "వెల్లుల్లి" టైపు చేశాను. పైన ఎత్వం, గుడి. కింద రెండు లవత్తులు. అదే ఫాంటు, అదే సైజు, ఎత్తు మాత్రం 17 మి.మీ. వత్తుల తోకలు పట్టీ దాటి కింది రంగులో మునిగాయి. అప్పుడు అందరూ చేసే తప్పే నేనూ చేశాను: ఆ ఒక్క మాటను చిన్నది చేసి పట్టీలో ఇరికించాను. బెల్లం ఆవకాయకూ అదే మందు.

సీసాలు వరసగా పెట్టి కొట్టాయనకు చూపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ చిన్నక్షరాలవి తక్కువ రకమా బాబూ?" అక్షరం సైజు కూడా ధర చెబుతుందని ఆ రోజు తెలిసింది. పెద్దమ్మకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది వెల్లుల్లి ఆవకాయ. రెబ్బలు ఒలిచీ ఒలిచీ ఆమె వేళ్లు మండిపోతాయి. నా లేబుల్ దాన్ని రెండో తరగతికి తోసింది.

నేను వాడిన లేబుల్ నమూనా ఇంగ్లీషు అక్షరాల కొలతకు గీసింది. ఆ అక్షరాలు ఒక గీత మీద నిలబడతాయి, కిందికి దిగే తోకలు కొన్నే, అవీ పొట్టివే. తెలుగు అలా కాదు. తలకట్టూ గుడీ పైకి, వత్తు కిందికి. "రాష్ట్రం" లాంటి మాటలో వత్తు కింద ఇంకో వత్తు. ఆ పెట్టెలో తెలుగును కూర్చోబెట్టబోతే ముందు తెగేది వత్తే.

మార్చినవి:
1. పట్టీ ఎత్తును ఐదు పేర్లలో లోతైన "వెల్లుల్లి" కొలతకు పెట్టాను: 14 నుంచి 20 మి.మీ.
2. ఐదు పేర్లకూ ఒకే అక్షరం సైజు. "ఆవకాయ" కింద ఖాళీ మిగిలినా అలాగే వదిలేశాను.
3. అక్షరాల మధ్య ఎడం పెంచే సదుపాయాన్ని సున్నాకు తెచ్చాను. పెంచితే లవత్తు తన అక్షరాన్ని వదిలి పక్కదాని కిందికి జరుగుతోంది.

అక్కడితో అయిపోలేదు. "వెల్లుల్లి ఆవకాయ" ఒకే వరుసలో రాస్తే 96 మి.మీ. వచ్చింది. కనిపించేది 73. ఎదురుగా చూసేవాళ్లకు "ల్లుల్లి ఆవకా" అనే కొత్త పచ్చడి దర్శనమిస్తోంది. రెండు వరుసలు చేశాను. అప్పుడు పై వరుసలోని లవత్తు కింది వరుసలో "కా" నెత్తిన ఎక్కింది. వరుసల ఎడాన్ని అక్షరం సైజుకు 1.2 రెట్ల నుంచి 1.55 రెట్లకు పెంచాక దిగింది. సైజు కాస్త తగ్గించి, రెండు వరుసలూ కలిపి 31 మి.మీ. ఎత్తులో సర్దాను. పట్టీ 34 అయింది.

ఇక ప్రెస్సు. అక్కడి కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన పాతకాలపు ఫాంట్లున్నాయి. నా ఫైలు యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే ఇప్పటి పద్ధతి. తెరవగానే "వెల్‌లుల్‌లి" అయిపోయింది, ప్రతి వత్తూ విడిపోయి పొల్లుతో పక్కన నిలబడింది. "మా ఫాంటులో మళ్లీ కొట్టేస్తాం సార్" అన్నారు. కొట్టారు. ప్రూఫులో "ఆవపిండి" కాస్తా "అవపిండి" అయింది. ఆ తర్వాత ఫైలు పంపే పద్ధతి ఇలా మార్చుకున్నాను:

1. టైపు చేసిన ఫైలును దిద్దుకోవడానికి వీలుగా అలాగే ఒక కాపీ దాచాలి.
2. ఇంకో కాపీలో అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో దాన్ని పాత్ అంటారు. అప్పుడు ప్రెస్సు కంప్యూటర్లో ఏ ఫాంటు ఉన్నా, లేకపోయినా ఒకటే.
3. పీడీఎఫ్ చేసి, దాన్ని ఇంట్లో ప్రింటు తీసి, టైపు చేయని మనిషితో చదివించాలి. గీతలైపోయాక అక్షరదోషం దిద్దాలంటే మళ్లీ ఒకటో అంకె నుంచి రావాలి.

మూడోది రెండుసార్లు ఎగ్గొట్టాను, రెండుసార్లూ డబ్బులు పోయాయి.

ఫాంట్ల గురించి ఒక మాట. తెనాలిలో ఉంటూ తెనాలి రామకృష్ణ ఫాంటు వాడకపోతే ఎలా అని మొదట దాన్నే తీశాను. పచ్చడికి హింద్ గుంటూరు అన్న పేరు కూడా ఊరించింది. చివరికి పేర్లకు బొద్దుగా ఉండే రామభద్ర, చిన్న అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు ఖాయం చేశాను. ఇవన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవే, అమ్మే వస్తువు మీద వేసుకోవడానికి రుసుము లేదు.

ఖర్చు: పీపీ స్టికర్లు 5 షీట్లు, రూ. 70 చొప్పున 350. విజయవాడకు తిరిగిన చార్జీలు 320.
ఇప్పటివరకు: రూ. 1,214.

దశ 3: జాడీ రంగు, ఎర్ర బార్‌కోడ్

టానిక్ సీసా పోలిక వదిలించుకోవాలి. అటకమీది జాడీ దింపి బల్లమీద పెట్టుకున్నాను. పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు, ఆ రెండూ కలిసే చోట కాస్త వంకరగా జారిన అంచు. చెయ్యి దూరేంత మూతి. ఉప్పూ పులుపూ తినేయలేని మెరుపు పూత. మూతికి గుడ్డతో వాసెన కట్టడానికి మెడ దగ్గర పల్లం. గీసినవాడెవడో తెలియదు గానీ, పనికిరాని గీత ఒక్కటీ లేదు. దాని రంగుల జత చూస్తే చాలు, ఏ తెలుగువాళ్లకైనా పచ్చడి గుర్తొస్తుంది. ఇన్నాళ్లూ సబ్బుపెట్టెల కేసి చూసి ఇంట్లో ఉన్నదాన్ని మరిచాను.

లేబుల్‌ను రెండు పట్టీలు చేశాను: పైన గోధుమ, కింద మీగడ. పేరు గోధుమ మీద తెల్లగా. పెద్దమ్మ ఏమీ అనలేదు, సీసా తీసుకెళ్లి జాడీ పక్కన పెట్టింది. అంటే బాగుందని.

అయితే ఉత్సాహంలో దినుసుల జాబితా కూడా గోధుమ మీద తెల్లగా వేశాను. ఆ గోధుమరంగు నాలుగు సిరాల కలయిక. వాటిలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్నని తెల్ల గీతల్లోకి సిరా చొరబడుతుంది. 6.5 పాయింట్ల అక్షరాల్లో "ప", "వ" ఒకటైపోయాయి. "ఆవపిండి" ఈసారి "ఆపపిండి" అని చదివించింది. ఆ ఒక్క దినుసు మా ప్రాణం తీసింది. చిన్న అక్షరాలన్నిటినీ మీగడ పట్టీ మీదకు దించి, ముదురు రంగులో, 7.5 పాయింట్లు చేశాను. తెల్ల అక్షరం పెద్ద పేరుకు మాత్రమే.

బార్‌కోడ్‌ను మిరప ఎరుపులో వేశాను. చూడముచ్చటగా ఉంది. కొట్టులో స్కానర్ కిమ్మనలేదు. స్కానర్ వేసేది ఎర్ర వెలుతురు. దాని కింద ఎర్ర గీతా, తెల్ల కాగితమూ ఒకేలా వెలుగుతాయి, కనుక స్కానర్ లెక్కలో అక్కడ గీతలే లేవు. నలుపు చేశాను. అప్పటికీ నాలుగుసార్లలో ఒకసారే చదివింది. కారణం వంపు: నిలువు గీతలు సీసా చుట్టూ తిరిగి చివర్లు పక్కకు పోతున్నాయి. కోడ్‌ను 90 డిగ్రీలు తిప్పి గీతలు నిచ్చెనమెట్లలా వచ్చేట్టు పెట్టాక ప్రతిసారీ చదివింది. కొలతలు కావాలంటే: 13 అంకెల కోడ్ పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., అనుమతించే కనీసం అందులో 80 శాతం, అంటే 29.83 × 20.74. రెండు పక్కలా ఉండే తెల్ల ఖాళీ ఈ కొలతలో భాగమే, దానిలోకి బొమ్మ జరపకూడదు.

ఇక చట్టం అడిగే వివరాలు. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, దినుసులు, పోషకాల పట్టిక, గరిష్ఠ ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు. శాకాహార గుర్తు: మన సైజు లేబుల్‌కు ఆకుపచ్చ చుక్క వ్యాసం కనీసం 3 మి.మీ., చుట్టూ చదరం దానికి రెట్టింపు, 6 మి.మీ. నేను మరిచింది గ్రాము ధర. రూ. 180 సీసాకు గ్రాము 72 పైసలు, అదీ వేయాలి.

ఈ వివరాలు ఇంగ్లీషులోగానీ, దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండి తీరాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. గుంటూరు జిల్లాలో పెట్టి, తెనాలిలో అమ్మి, తెలుగువాళ్లు తినే ఆవకాయ మీద తెలుగు "అదనం"! దేశమంతా తిరిగే సరుకుకు ఒక ఉమ్మడి భాష కావాలన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ స్థలం కొరత వచ్చినప్పుడు అదనమే ముందు ఎగిరిపోతుంది, చాలా పచ్చడి సీసాల మీద తెలుగు పేరు ఒక్కటే మిగలడానికి కారణం అదే.

నేను ఎగరగొట్టింది వేరు. రెండు భాషల్లోనూ "సంప్రదాయ రుచి", "అమ్మ చేతి కమ్మదనం", "నాణ్యతకు మారుపేరు" అని రాసుకున్నవన్నీ తీసేశాను. 19 చదరపు సెంటీమీటర్లు మిగిలింది. తెలుగు దినుసుల జాబితా అందులో పూర్తిగా పట్టింది.

చదివించి చూశాను. ట్యూబులైటు కింద, 2 మీటర్ల దూరంలో, 12 మంది. రెండో దశ లేబుల్‌తో ఐదు పేర్లూ తడుముకోకుండా చదివినవాళ్లు 7. ఈ లేబుల్‌తో 11. పన్నెండో ఆయన కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చాడు.

ఖర్చు: మూడు విడతలుగా 6 షీట్లు, 420.
ఇప్పటివరకు: రూ. 1,634.

దశ 4: కిటికీ, షీటు లెక్క

శనివారం సాయంత్రం కొట్టులో గంటసేపు ఒక పక్కన నిలబడ్డాను. సీసా చేతిలోకి తీసుకున్నవాళ్లు 9 మంది. వాళ్లలో ఆరుగురు దాన్ని తలకిందులు చేసి అడుగు నుంచి లోపలికి చూశారు. ముక్క ఎంత ఉంది, టెంక ఉందా లేదా, నూనె పైకి తేలిందా అన్నది వాళ్లకు కావాలి. నా లేబుల్ చుట్టూతా కప్పేసి పచ్చడినే దాచింది. ఒకావిడ తిప్పినప్పుడు మూత దగ్గర నూనె చెమ్మ కనబడి సీసా కింద పెట్టేసింది.

లేబుల్ పొడవును 210 నుంచి 170కి కోసి, పక్కన 50 మి.మీ. కిటికీ వదిలాను. అనుకోని లాభం ఒకటి వచ్చింది. సీసాల చుట్టుకొలతలో 4 మి.మీ. తేడా ఉంది కదా, ఇదివరకు అది లేబుల్ చివర్ల మధ్య ఒకచోట సన్నగా ఒకచోట వెడల్పుగా కనబడి, కుదరని పంచెకట్టులా ఉండేది. ఇప్పుడు ఆ తేడా కిటికీలో కలిసిపోయింది.

షీటు లెక్క ముందే వేసుకోండి. ప్రెస్సు షీటులో అచ్చు పడే భాగం 320 × 470 మి.మీ. కత్తిరింపు జారినా తెల్ల అంచు కనబడకుండా లేబుల్‌కు నలువైపులా 2 మి.మీ. రంగు అదనంగా వదలాలి.

1. 210 × 62 లేబుల్: నాలుగు వరుసలు, రెండు నిలువులు. షీటుకు 8. ఒక్కొక్కటి రూ. 8.75.
2. ఎత్తు 58కి తగ్గిస్తే ఐదు వరుసలు. షీటుకు 10. రూ. 7.
3. పొడవు 170: అన్నీ అడ్డంగానే పెడితే అప్పుడూ 10. పక్కన మిగిలే 122 మి.మీ.లో నిలువుగా తిప్పి పెట్టినా ఒక్కటే పడుతుంది.
4. పొడవు 168: మిగిలేది 126. అందులో రెండు లేబుళ్లు నిలువుగా తిప్పి పెట్టవచ్చు. షీటుకు 12. రూ. 5.83.

రెండు మిల్లీమీటర్లు తగ్గించి, తిప్పి పెడితే షీటుకు రెండు లేబుళ్లు ఎక్కువ. కత్తిరించేది మిషను కాబట్టి అడ్డం నిలువు కలిసినా ఇబ్బంది రాలేదు. చేత్తో కోయించేవాళ్లు మూడో లెక్కతోనే ఆగండి.

అంటించడంలో ఒక పాఠం. నింపిన సీసాను తుడిచి అంటించిన 20 లేబుళ్లలో 5 మర్నాటికి అంచు లేచాయి. తుడిచిన గుడ్డకే నూనె ఉంది మరి. ఇప్పుడు ఖాళీ సీసా కడిగి, ఎండలో ఆరబెట్టి, ముందు లేబుల్ అంటించి, ఆ తర్వాత నింపుతున్నాం. లేచినది మళ్లీ లేదు. నింపేటప్పుడు లేబుల్ మీద పడ్డ నూనెను పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఖర్చు: పరీక్షకు 2 షీట్లు, 140. అసలు అచ్చు 25 షీట్లు, 1,750. తరుగుకు 2 షీట్లు, 140.
మొత్తం: రూ. 3,664. సీసాకు రూ. 12.21. అందులో లేబుల్ ధర రూ. 5.83, మిగతా రూ. 6.38 దాదాపుగా నేను చేసిన తప్పుల ధర.

దశ 5: కొట్టులో

రకానికి నాలుగు చొప్పున 20 సీసాలు పెట్టాం. 11 రోజుల్లో 14 వెళ్లాయి. ముందుగా అయిపోయింది వెల్లుల్లి ఆవకాయ. ఇది లేబుల్ వల్లా, పచ్చడి వల్లా అని నేను తర్జనభర్జన పడుతుంటే పెద్దమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "లేబుల్ నాకించి అమ్మావా ఏమిటి?" అంది.

డల్లాస్‌లో ఉన్న మేనకోడలికి రెండు పంపాం. దాని పిల్లవాడికి తెలుగు చదవడం రాదు. సీసా ఫొటో తీసి పంపి, "ఈ రెండిటిలో కింద చుట్టలున్నది కావాలి" అన్నాడట. కింద చుట్టలంటే లవత్తులు. వెల్లుల్లిదే అడిగాడు.

ఇంకా తేలనివి

1. తేదీ, బ్యాచ్ నంబరు రబ్బరు స్టాంపుతో వేస్తున్నాం. పీపీ పొర మీద నూనె వేలు తగిలితే చెరిగిపోతోంది. త్వరగా ఆరే సిరా రెండు రకాలు చూశాను. మొదటిది 3 రోజులు, రెండోది 9 రోజులు నిలిచింది. వచ్చే విడతకు ఆ చదరం మేరకు పైపూత లేకుండా అచ్చు వేయించి చూడాలి.
2. మాగాయ పేరు కింద ఖాళీ ఎక్కువని ఇద్దరు అన్నారు. నేను కదపను.
3. వేసవికి ఆరో రకం వస్తోంది, పెద్దమ్మ మాటిచ్చేసింది: "కొత్తిమీర పచ్చిమిర్చి". "త్తి", "చ్చి", "ర్చి", అన్నీ వత్తులే, పైగా రెండు మాటలూ పొడుగే. నిన్న రాత్రి టైపు చేసి కొలిచాను. రెండో వరుస 81 మి.మీ. వచ్చింది. ఉన్నది 73.